ఆల్బమ్ ప్రింటు నల్లగా వస్తోందా? ముందు మానిటర్ సరిచేసుకోండి

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. స్క్రీన్ మీద తలంబ్రాల ఫొటో కళకళలాడుతూ ఉంటుంది. అదే ఫొటో ల్యాబ్ నుంచి షీటుగా చేతికొచ్చేసరికి మొహాల మీద నీడ పడ్డట్టు, జుట్టులో ఒక్క పోగూ కనపడకుండా నల్లగా ముద్ద కట్టి ఉంటుంది. నాకు మొదటిసారి అలా జరిగినప్పుడు ల్యాబ్‌కు ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. అవతలాయన అంతా విని, "మీ మానిటర్ బ్రైట్‌నెస్ ఎంతలో ఉందండీ?" అని ఒక్కటే అడిగారు. చూస్తే వందకి వంద. ఆ ఆల్బమ్ మొత్తం నా డబ్బుతో మళ్లీ ప్రింట్ వేయించాను. పెళ్లివాళ్లకు అది ఒక్కసారి వచ్చే ఆల్బమ్ మరి.

విషయం ఏమిటంటే, కొత్త మానిటర్ పెట్టెలోంచి తీసి ఆన్ చేస్తే మామూలుగా 250 నుంచి 350 నిట్స్ (స్క్రీన్ వెలుగును కొలిచే యూనిట్) దాకా వెలుగుతుంది. ఫొటో ఎడిటింగ్‌కు కావలసింది 80 నుంచి 120 నిట్స్ మాత్రమే. కాగితానికి సొంత వెలుగు ఉండదు, గదిలో ఉన్న వెలుతురునే అది తిప్పి ఇస్తుంది. మూడింతల వెలుగులో చూస్తూ "ఫొటో బాగానే ఉంది" అనుకుని మనం వదిలేసినది నిజానికి చీకటి ఫొటోనే. ప్రింటు నల్లగా వచ్చిందనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీనివల్లే వస్తాయని నా నమ్మకం, అందుకే రంగుల జోలికి వెళ్లేముందు వెలుగు సంగతి తేల్చుకోండి.

దానికంటే ముందు గది. కిటికీలోంచి ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుంటే మీరు ఎన్ని సెట్టింగులు చేసినా వృథా. మానిటర్ కిటికీకి ఎదురుగా కాకుండా పక్కకు ఉండాలి, పరదా వేసుకోవాలి. స్టూడియో గోడలకు నారింజ రంగో ఊదా రంగో వేయించి, వెనకాల రంగు రంగుల ఎల్‌ఈడీ స్ట్రిప్పులు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. చూడటానికి బాగుంటుంది, కానీ ఆ రంగుకు కన్ను అలవాటు పడిపోయి, స్క్రీన్ మీద తెలుపు వేరే తెలుపుగా కనిపిస్తుంది. ఎడిటింగ్ చేసే మూలలోనైనా బూడిద రంగో తెలుపో వేయించండి. పగలూ రాత్రీ అదే తెల్లటి ట్యూబ్‌లైటు వేసుకోండి. డెస్క్‌టాప్ వాల్‌పేపర్ కూడా మామూలు గ్రే పెట్టండి.

మానిటర్ ఆన్ చేసి కనీసం అరగంట వేడెక్కనివ్వండి. ఈలోగా స్క్రీన్ రంగులను, వెలుగును తమంతట తామే మార్చేసే నైట్ లైట్, ఎఫ్.లక్స్, హెచ్‌డీఆర్, మ్యాక్ అయితే ట్రూ టోన్, నైట్ షిఫ్ట్, మానిటర్ మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, ఐ కేర్, లో బ్లూ లైట్ లాంటివన్నీ ఆపేయండి. ల్యాప్‌టాప్‌లో వెలుతురును బట్టి బ్రైట్‌నెస్ దానంతట అదే మారే ఆప్షన్ ఉంటే అదీ ఆపాలి. వీటిలో ఏ ఒక్కటి మిగిలినా తర్వాత చేసిన పనంతా పాడవుతుంది. టీవీని మానిటర్‌గా వాడుతుంటే, లేదా హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో నలుపు బూడిదలా వెలిసిపోయి కనిపిస్తుంటే, గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ రేంజ్ 'ఫుల్'లో ఉందో లేదో చూడండి. ఇది చాలామంది చూడరు.

తర్వాత మానిటర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పిక్చర్ మోడ్‌ను యూజర్ లేదా కస్టమ్‌లో పెట్టి, కలర్ టెంపరేచర్ (తెలుపు ఎంత నీలంగా, ఎంత పసుపుగా ఉండాలో చెప్పేది) 6500కె, గామా (నలుపుకూ తెలుపుకూ మధ్య ఛాయలు ఎంత వెలుగుతో కనిపించాలో చెప్పేది) 2.2 ఎంచుకోండి. వివిడ్, గేమ్, సినిమా మోడ్‌లు ఏవీ వద్దు. కొన్ని మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ (మామూలుగా అందరూ వాడే ప్రామాణిక రంగుల పరిధి) మోడ్ ఉంటుంది, అది మంచిదే కానీ చాలావాటిలో ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ లాక్ అయిపోతుంది, మార్చనివ్వకపోతే కస్టమ్‌కే వెళ్లండి.

బ్రైట్‌నెస్‌కు కొలిచే పరికరం లేకుండా నేను చెప్పే పద్ధతి ఇది. స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, మీరు ఆల్బమ్ చూసే వెలుతురులోనే ఒక తెల్ల ఏ4 కాగితం మానిటర్ పక్కన పట్టుకోండి. స్క్రీన్ లైటులా మెరుస్తుంటే తగ్గించండి, కాగితం కన్నా మబ్బుగా ఉంటే పెంచండి, రెండూ ఒకేలా అనిపించే చోట ఆగండి. చాలా మానిటర్లలో అది 20కీ 40కీ మధ్య ఎక్కడో వస్తుంది. మొదటి రెండు రోజులు స్క్రీన్ చచ్చిపోయినట్టు అనిపిస్తుంది. మళ్లీ పెంచకండి, కన్ను అలవాటు పడుతుంది.

ఇప్పుడు విండోస్‌లో స్టార్ట్ నొక్కి 'క్యాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్' అని వెతకండి. అది గామాకు చిన్న చిన్న చుక్కల వృత్తాలు చూపిస్తుంది, మధ్యలో చుక్క కనిపించీ కనిపించనట్టు ఉండాలి. బ్రైట్‌నెస్‌కు వచ్చేసరికి నల్ల సూటు వేసుకున్న మనిషి బొమ్మ ఉంటుంది. సూటూ చొక్కా విడిగా తెలియాలి, వెనకాల గుణకారం గుర్తు కనీకనపడకుండా ఉండాలి. కాంట్రాస్ట్‌కు తెల్ల చొక్కా మీది ముడతలు, గుండీలు పోకూడదు. మన పనికి ఇది చాలా దగ్గరి పరీక్ష, పెళ్లికొడుకు తెల్ల పంచె మడతలు, పెళ్లికూతురి జడ పోగులు నిలిచేది ఇక్కడే. మ్యాక్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని కలర్ ప్రొఫైల్ దగ్గర ఇలాంటిదే ఉంటుంది.

అయితే కంటితో చేసే ఈ పని వెలుగుకు, గామాకు సరిపోతుంది గానీ తెలుపు అసలు తెలుపో కాదో తేల్చలేదు. ఐదు నిమిషాలు చూస్తే నీలం తెలుపైనా పసుపు తెలుపైనా మన కన్ను మామూలు తెలుపే అనుకుంటుంది. అందుకే ఆల్బమ్ పని మీద సంపాదించేవాళ్లు కలరిమీటర్ (స్క్రీన్ రంగును, వెలుగును కొలిచే పరికరం) కొనడమే మంచిది. డేటాకలర్ వాళ్ల స్పైడర్, కాలిబ్రైట్ వాళ్ల డిస్‌ప్లే సిరీస్ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఒక్కరికి భారమైతే ఊళ్లో నలుగురు స్టూడియోవాళ్లు కలిసి ఒకటి కొనుక్కోండి. దీని అవసరం నెలకు ఒక పూటే. పరికరంతో వచ్చే సాఫ్ట్‌వేర్ బదులు ఉచితంగా దొరికే డిస్‌ప్లేక్యాల్ నాకు నచ్చుతుంది. అది ఆర్గిల్‌సీఎంఎస్ అనే ఉచిత రంగుల సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, పాత పరికరాలను కూడా చాలావరకు గుర్తుపడుతుంది.

అందులో వైట్ పాయింట్ (తెలుపు రంగు) 6500కె, వైట్ లెవెల్ (తెలుపు వెలుగు) 120 నిట్స్, టోన్ కర్వ్ గామా 2.2 పెట్టండి. బ్యాక్‌లైట్ (స్క్రీన్ వెనకాల వెలిగే లైటు) రకానికి తగ్గ కరెక్షన్ ఎంచుకోవడం మరిచిపోవద్దు. మామూలు వైట్ ఎల్‌ఈడీ ప్యానెల్‌కూ వైడ్ గామట్ (ఎక్కువ రంగులు చూపించే) ప్యానెల్‌కూ ఒకే కరెక్షన్ వాడితే కొలతే తప్పు వస్తుంది. స్క్రీన్‌ను కాస్త వెనక్కి వంచి పరికరం అద్దానికి ఆనేలా వేలాడదీసి, గదిలో లైట్లు ఆర్పేయండి. మొదట ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు కనిపిస్తాయి. మానిటర్ మెనూలో ఆర్‌జీబీ విలువలు మార్చి వాటిని మధ్యకు తేవాలి. ఎక్కువున్న రంగును తగ్గించండి, తక్కువున్న దాన్ని పెంచకండి. ఆ తర్వాత దాని పని అదే చేసుకుంటుంది, అరగంట నుంచి గంట పడుతుంది, మౌస్ ముట్టుకోకండి. చివర్లో సగటు డెల్టా ఈ (రావలసిన రంగుకూ వచ్చిన రంగుకూ ఉన్న తేడా) 2 లోపు వస్తే ధైర్యంగా పని చేసుకోవచ్చు.

ఇక్కడ రెండు పనులు జరిగాయని గుర్తుంచుకోండి. మానిటర్‌ను సరిచేయడం ఒకటి, అది ఏ రంగును ఎలా చూపిస్తుందో రాసిపెట్టుకున్న ఐసీసీ ప్రొఫైల్ తయారవడం రెండోది. ఆ ప్రొఫైల్ ఆ ఒక్క మానిటర్‌కే. అదే మోడల్ కదా అని స్నేహితుడి ప్రొఫైల్ కాపీ చేసుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ.

అన్నీ అయ్యాక ల్యాబ్‌లో ఒక చిన్న ప్రింటు వేయించండి. ఫైల్‌లో ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ ఎంబెడ్ చేసి, రంగుల కరెక్షన్ చేయొద్దని ల్యాబ్‌కు చెప్పి ఇవ్వండి. అందులో మనిషి చర్మం, తెల్ల పంచె, నల్ల జుట్టు, ఒక పట్టుచీర ఉండాలి. ల్యాబ్‌వాళ్ల ప్రొఫైల్ అడిగి తీసుకుని ఫొటోషాప్‌లో ప్రూఫ్ సెటప్‌లో (ప్రింటు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపించే సెట్టింగ్) పెట్టి, కంట్రోల్ వై నొక్కి ప్రింటూ స్క్రీనూ పక్కపక్కన పోల్చండి. రాణీ కలర్, మెరిసే చిలకపచ్చ లాంటివి స్క్రీన్ మీద ఉన్నంత గాఢంగా కాగితం మీదకు రావు, అది మానిటర్ తప్పూ కాదు, ల్యాబ్ తప్పూ కాదు. ప్రింటు తేడాగా ఉందని మానిటర్ రంగులను దానికి తగ్గట్టు వంచడం మాత్రం చేయకండి. రేపు ల్యాబ్ మారిస్తే మళ్లీ మొదటికొస్తారు.

బ్యాక్‌లైట్ వాడేకొద్దీ మారుతుంది కాబట్టి నెలకోసారి మళ్లీ కొలవండి. కొలిచిన తేదీ, బ్రైట్‌నెస్, ఆర్‌జీబీ విలువలు ఒక కాగితం మీద రాసి మానిటర్ వెనకాల అతికించండి, మెనూ బటన్లకు లాక్ ఉంటే వేసేయండి. మీరు లేనప్పుడు ఎవరైనా వచ్చి కూర్చుని "ఇదేంటి ఇంత డల్‌గా ఉంది" అని బ్రైట్‌నెస్ పెంచేసినా, ఆ కాగితం చూసి రెండు నిమిషాల్లో సరిచేసుకోవచ్చు.