ప్రైమరీ స్కూల్లో ఆటల పీరియడ్‌ని గాడిలో పెట్టడం ఎలా

పిల్లల్ని బయటికి వదిలేసి మనం రిజిస్టర్లు రాసుకుంటూ కూర్చుంటే, ఐదో తరగతి మగపిల్లలు నలుగురు బ్యాటు పట్టుకుని గ్రౌండంతా ఆక్రమిస్తారు, మిగతావాళ్లు గోడవారగా నిలబడిపోతారు. ముందు మార్చాల్సింది ఇదే.

గ్రౌండ్‌ని భాగాలుగా గీయండి. సున్నం వద్దు, కళ్లలో పడితే ప్రమాదం, ముగ్గుపిండి చాలు. చెట్టు నీడ చిన్నపిల్లలకి: తొక్కుడు బిళ్ల, నాలుగు స్తంభాలాట. మధ్యలో పరుగులాటలు. క్రికెట్ ఒక మూలకి, అదీ వారానికి రెండు రోజులే (అలుగుతారు, అలగనివ్వండి).

జట్లు ఎంచుకునే పని మాత్రం కెప్టెన్లకి ఇవ్వొద్దు, ఎందుకంటే చివరిదాకా ఎవరూ పిలవని పిల్లో పిల్లాడో రోజూ మిగిలిపోతారు. పంటలేసుకోమనండి, గొడవే ఉండదు. ఖోఖోలో వరసలో ఎనిమిది మందే కూర్చోవాలన్న రూల్ టోర్నమెంట్లకి, మనకి కాదు, ఎంతమందినైనా కూర్చోబెట్టండి.

సామాన్ల సంగతి. సమగ్ర శిక్ష (సర్కారు బడులకి నిధులిచ్చే కేంద్ర పథకం) కింద ప్రైమరీ స్కూలుకి ఏడాదికి 5,000 రూపాయల దాకా క్రీడా గ్రాంటు ఉంది. స్కిప్పింగ్ తాళ్లు, రబ్బరు బంతులు, రింగులు కొనండి. ఏడు పెంకులాటకి పెంకులు ఊళ్లోనే దొరుకుతాయి. కొన్నవి బీరువాలో దాచేస్తే దండగ, ఇచ్చి పుచ్చుకునే బాధ్యత పెద్ద పిల్లలకి వంతులవారీగా అప్పగించండి.

భోజనం అవగానే పరిగెత్తించొద్దు, చివరి పీరియడ్ మేలు. ఒంటిపూట బడులప్పుడైతే పొద్దున్నే, ఎండ ముదరకముందే.