పోలె పగలకుండా రావాలంటే

పెళ్లయి మహారాష్ట్రలోని ధర్మాబాద్ వచ్చిన ఏడాది, ఎడ్ల పండుగ పోలాకు నేను చేసిన పోలెలు, అంటే బొబ్బట్లు, పెనం మీదే పగిలాయి. పూర్ణం బయటికొచ్చి మాడింది. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, మొదటి పోలె వాటికి తినిపించాలని మామయ్య వాకిట్లో ఎదురుచూస్తున్నారు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడే పక్కింటి మరాఠీ కాకూ (పిన్ని) వచ్చి, పూర్ణం గిన్నెలో గరిట గుచ్చి వదిలింది. గరిట మెల్లగా పక్కకు వాలిపోయింది. "పురణ్ సైల్ ఝాలంయ్" అంది. పూర్ణం జారుగా అయిందని.

నిజామాబాద్‌లో మా అమ్మ మైదాతో చేసేది. నూనె రాసిన అరిటాకు మీద వేళ్లతో ఒత్తేది. ఇక్కడ గోధుమపిండి, అప్పడాల కర్ర. పద్ధతి ఏదైనా చూసుకోవాల్సింది ఒకటే: పూర్ణం, పిండి ఒకే మెత్తదనంతో ఉండాలి. పూర్ణం గట్టిగా ఉండి పిండి మెత్తగా ఉంటే పొర చిరుగుతుంది. పిండి గట్టిగా ఉంటే పూర్ణం అంచుదాకా వెళ్లదు, మధ్యలోనే ముద్దగా ఉండిపోతుంది.

పావుకిలో శనగపప్పు, పావుకిలో బెల్లం, పావుకిలో గోధుమపిండి తీసుకుంటే మధ్యరకం పోలెలు పన్నెండు దాకా వస్తాయి. తీపి తక్కువ తినేవాళ్లు బెల్లం కొంచెం తగ్గించుకోవచ్చు.

పప్పును గంటన్నర నానబెట్టి, ఎక్కువ నీళ్లలో చిటికెడు పసుపు, చెంచా నూనె వేసి ఉడికించండి. వేళ్ల మధ్య నొక్కితే మెదగాలి, కానీ గింజ ఆకారం పోకూడదు. మొదటిసారి నేను కుక్కర్‌లో విజిల్స్ ఎక్కువ రానిచ్చి, పప్పును పాయసంలా చేసుకున్నాను. నీళ్లు కూడా సరిగ్గా వంపలేదు. ఉడికిన పప్పును సిబ్బిలో పోసి పది నిమిషాలు వదిలేయండి. కింద దిగిన నీళ్లు, అంటే కట్టు, పారబోయకండి. దాని పని తర్వాత ఉంది.

పప్పు పూర్తిగా ఉడికాకే బెల్లం వేయాలి. బెల్లం పడిన తర్వాత పప్పు ఇక మెత్తబడదు, పలుకు పలుకుగానే ఉంటుంది. బెల్లం కరగగానే పూర్ణం ఒక్కసారిగా పలచబడుతుంది. టెన్షన్ పడొద్దు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో, సన్నని మంట మీద కలుపుతూనే ఉండండి. దగ్గరపడుతున్న కొద్దీ బుడగలు ఎగిరి చేతుల మీద పడతాయి, పొడవు గరిట వాడండి. గరిట నిటారుగా నిలబడిన క్షణంలో దించేయాలి. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది. ఏలకులు, కొద్దిగా జాజికాయ, చిటికెడు ఉప్పు దించగానే వేయండి. జాజికాయ మా అమ్మ వేసేది కాదు. ఇక్కడికొచ్చాకే అలవాటైంది, ఇప్పుడది లేకపోతే నాకు పోలె తిన్నట్టే ఉండదు.

వేడి మీదే మెదపాలి. కాకూ వాళ్లింట్లో పిడి తిప్పే పురణ్ యంత్రం ఉంది. అది లేకపోతే సన్నని జల్లెడలో గరిటతో రుద్దినా సరే, నీళ్లు పోయకుండా మిక్సీలో కొంచెం కొంచెంగా తిప్పినా సరే. ఒక్క పలుకు మిగిలినా ఒత్తేటప్పుడు పొరను చించేస్తుంది.

పూర్ణం జారుగా వస్తే మళ్లీ పొయ్యి మీద పెట్టి ఇగరనివ్వండి. అప్పటికే మెదిపేసి ఉంటే రెండు చెంచాల పుట్నాల పొడి కలపండి. గట్టిపడితే రెండు చెంచాల వేడి పాలు చాలు.

గోధుమపిండిని పలుచని గుడ్డలో జల్లించి పొట్టు తీసేయాలి. ఉప్పు, చిటికెడు పసుపు వేసి చపాతీ పిండి కన్నా బాగా మెత్తగా, చేతికి అంటుకునేంతగా కలపండి. నూనె పోస్తూ పది నిమిషాలు పిసికి, పైన నూనె రాసి, రెండు గంటలు మూతపెట్టండి. వేలితో లాగితే తెగకుండా సాగాలి. పొద్దున్న హడావిడిలో ఈ రెండు గంటలు తగ్గించుకోవాలనిపిస్తుంది. దయచేసి తగ్గించకండి.

నిమ్మకాయంత పిండికి దాని కన్నా ఒకటిన్నర రెట్ల పూర్ణం. పిండిని అరచేతిలో గిన్నెలా చేసి, అంచులు పలుచగా, మధ్య మందంగా ఉంచాలి. పూర్ణం పెట్టి, బొటనవేలితో అదుముతూ అంచులు పైకి తెచ్చి మూసి, మిగిలిన కొసను తుంచేయండి. తుంచకపోతే అక్కడ మందంగా, పిండివాసనగా ఉంటుంది. పీట మీద బియ్యప్పిండి చల్లి, అంచుల వైపు తేలిగ్గా ఒత్తండి. మధ్యలో నొక్కితే అడుగు చిరుగుతుంది.

పెనం మధ్యరకం మంట మీద ఉండాలి. పైన చిన్న బుడగలు రాగానే తిప్పండి. రెండో వైపు కాలాక నెయ్యి రాసి, ఉబ్బిందా లేదా చూసి దించేయండి. అటూ ఇటూ ఎక్కువసార్లు తిప్పితే చిరుగుతుంది.

ఇక కట్టు. మరాఠీవాళ్లు దాన్ని గోడా మసాలా అనే వాళ్ల మసాలా పొడి, ఎండుకొబ్బరితో కటాచి ఆమటి అనే చారు చేస్తారు. నేను చింతపండు రసం, రెండు చెంచాల పూర్ణం, ధర్మాబాద్ మార్కెట్ ఎర్ర కారం వేసి మరిగించి, ఆవాలు, జీలకర్ర, కరివేపాకుతో పోపు పెడతాను. తీపి పోలె వెంట ఈ ఘాటైన చారు లేకపోతే మామయ్య రెండోది వడ్డించుకోరు.

పిల్లల టిఫిన్‌కు ఆలూ పరాఠా చేసినా ఇదే లెక్క. ఉడికిన ఆలూ పూర్తిగా చల్లారాకే మెదపండి, ఉల్లిపాయ వేస్తే ఉప్పు ఒత్తే ముందు మాత్రమే కలపండి, లేకపోతే నీరు వదులుతుంది. ముల్లంగి తురుముకైతే ముందే ఉప్పు కలిపి గట్టిగా పిండి, ఆ నీళ్లతోనే గోధుమపిండి కలుపుతాను.

పోలెలు చల్లారాకే ఒకదాని మీద ఒకటి పెట్టి గుడ్డలో చుట్టండి. మర్నాడు పొద్దున వేడి పాలలో తుంచుకుని తింటే, పండుగ రోజు కన్నా బాగుంటాయి.