మొదటి నాలుగు ముద్దలు

రాత్రి భోజనానికి కూర్చునే ముందు ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్‌కి పెట్టేయండి. మొదటి నాలుగు ముద్దలు మాత్రం ధ్యాసపెట్టి తినండి, చాలు. భోజనమంతా అలాగే తినాలని పట్టుబడితే మూడో రోజుకే మానేస్తాం.

మొదటి ముద్ద కందిపొడి, నెయ్యితో. కలుపుతున్నప్పుడే అన్నం వేడి వేళ్లకు తెలుస్తుంది, చెంచాతో తింటే ఆ సంగతే తెలియదు. రెండోది వట్టి అన్నం. మింగే తొందర లేకుండా పాతిక, ముప్పైసార్లు నమిలితే సన్నగా తీపి తగులుతుంది. లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టడం వల్ల వచ్చే తీపి అది. ఇన్నేళ్లుగా అన్నం తింటున్నా నాకు అది తెలిసింది పోయినేడాదే! మిగిలిన రెండు ముద్దలూ మీకు నచ్చినదానితో, ఇంతే ధ్యాసగా తినండి.

కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. మనమేమో సీరియల్ చూస్తూ పది నిమిషాల్లో కంచం ఖాళీ చేసి, మారు వడ్డించుకుని, తర్వాత ఆయాసపడతాం. అందుకే సాంబారుకీ పెరుగుకీ మధ్య చెయ్యి ఆపి, రెండుసార్లు నిదానంగా ఊపిరి తీసి వదలండి. ఇంకా ఆకలి ఉందా, లేక అలవాటుగా చెయ్యి గిన్నె వైపు వెళ్తోందా చూసుకోండి. నాకైతే చాలా రోజులు ఆ రెండో వడ్డన అక్కర్లేకపోయింది. షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరుని అడగకుండా తిండి తగ్గించకండి.

పెరుగన్నంలో మాగాయ నంజుకోవడం నేను మానలేదు, మీరూ మానక్కర్లేదు.