విశాఖ వీధికి నక్షా గీయడం ఎలా: గోడ దగ్గర మొదలుపెట్టండి

మన దగ్గర రోడ్డు నక్షా సాధారణంగా మధ్య గీతతో మొదలవుతుంది. ముందు తారు వెడల్పు తేల్చి, నడుమ డివైడరు పెట్టి, చివరికి మిగిలిన అంచును ఫుట్‌పాత్ అంటారు. స్తంభమూ ట్రాన్స్‌ఫార్మరూ కాలువా అన్నీ ఆ మిగులులోకే వచ్చి పడతాయి కాబట్టి మనిషి రోడ్డు మీదికి దిగుతాడు. ఈ వరుసను తిరగేయాలి. ప్రహరీగోడ దగ్గర మొదలుపెట్టి నడిచేవారికి, సైకిలుకు, బస్సు ఎక్కేవారికి కావలసినంత ఇచ్చాక, మిగిలినది కార్లకూ బైకులకూ ఇవ్వాలి. రోడ్డు ఉన్నది వాహనాలను కాదు, మనుషులను చేరవేయడానికని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా చెబుతోంది.

పెన్సిలు పట్టేముందు టేపు పట్టుకొని నడవండి. బడి వేళలో ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, గట్టి వాన కురిసినప్పుడు మరోసారి చూడటం అవసరం. ఇరవై, పాతిక మీటర్లకు ఒకచోట గోడ నుంచి గోడకు కొలిచి, అన్నిటికంటే ఇరుకైన చోటును గుర్తుపెట్టుకోండి. స్తంభాలు, మ్యాన్‌హోళ్లు, చెట్లు, గేట్లు, ఆటోలు ఆగే చోటు, టిఫిన్ బండ్లు అన్నీ కాగితం మీదికి రావాలి. లెక్క వాహనాలది కాదు, మనుషులది: యాభై మందితో వచ్చిన సిటీ బస్సు యాభై, ఒక్కరే కూర్చున్న కారు ఒకటి.

ఫుట్‌పాత్ మీదే ఎక్కువ సమయం పెట్టండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఇళ్ల మధ్య కనీసం 1.8 మీటర్లు, దుకాణాల వీధుల్లో 2.5 మీటర్లు అడ్డు లేని వెడల్పు ఉండాలి. స్తంభాన్నీ చెట్టునూ తీసేశాక మిగిలేదే ఆ వెడల్పు. కర్బు, అంటే ఫుట్‌పాత్ అంచు రాయి, ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే మోకాళ్ల నొప్పులున్నవారు కింది నుంచే నడుస్తారు. ఇంటి గేటు వచ్చినచోట ఫుట్‌పాత్ దిగకూడదు, కారే ఎక్కి దాటాలి.

మన నగరంలో చాలాచోట్ల కాలువ మీద పరిచిన పలకలే ఫుట్‌పాత్. ఒక పలక ఓ మూల లేచి ఉంటుంది, దాన్ని ఎత్తడానికి పెట్టిన ఇనుప కొక్కెం కాలికి తగిలేలా నిలబడి ఉంటుంది, పక్క పలక అసలు ఉండదు. అలాంటిచోట ఒకసారి తడబడినవారు మళ్లీ ఆ అంచు ఎక్కరు. అందువల్ల కొక్కెం పలకలోని గుంటలోకి ఇమిడిపోవాలనీ, పలకలన్నీ ఒకే మట్టంలో ఉండాలనీ డ్రాయింగులోనే రాయండి. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప రెయిలింగులు త్వరగా తుప్పుపడతాయి కనుక గ్రానైట్ లేదా కాంక్రీట్ దిమ్మెలు మేలు.

తోపుడు బండ్లను తరిమేయడం పరిష్కారం కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం వారికి హక్కు ఇచ్చింది. చెట్ల వరుసలోనే చోటు చూపిస్తే నడకదారి ఖాళీగా ఉంటుంది, వారి దీపాల వల్ల రాత్రిపూట వీధికి వెలుగూ మనుషుల అలికిడీ ఉంటాయి. వారు లేనిచోటును బైకులు ఆక్రమించుకుంటాయని నా నమ్మకం.

ఇప్పుడు 18 మీటర్ల వీధిని, అంటే మనం 60 అడుగుల రోడ్డు అనేదాన్ని, పంచి చూద్దాం. రెండు వైపులా 2.5 చొప్పున నడకకు 5 మీటర్లు, చెట్లకూ స్తంభాలకూ బండ్లకూ ఒక్కో మీటరు చొప్పున 2, సైకిలుకు రెండు వైపులా 4, సైకిలుకూ తారుకూ మధ్య గట్టుకు పావు మీటరు చొప్పున అర మీటరు. మిగిలిన 6.5 మీటర్లలో 3.25 మీటర్ల వరుసలు రెండు వస్తాయి, వాటిలో బస్సు హాయిగా వెళ్తుంది. పార్కింగ్ కావాలంటే అది సైకిలు చోటునే తింటుంది. ఆ సంగతి కాలనీవారికి ముందే చెప్పి నిర్ణయించండి. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో ఈ పంపకం కుదరదు. అక్కడ అంతా ఒకే మట్టంలో పరిచి, వాహనాలను నడక వేగానికి తెచ్చి, సరుకు దింపడానికి వేళలు పెట్టడమే మార్గం. కొండవాలు వీధుల్లో ఎక్కే వైపు సైకిలుకు ఎక్కువ వెడల్పు ఇవ్వండి, ఎందుకంటే ఎక్కేటప్పుడు బండి అటూఇటూ ఊగుతుంది.

బస్టాపు కూడలి దాటాక ఉండాలి, ముందు కాదు. రోడ్డు పక్కకు తవ్విన బస్ బేలోకి వెళ్లిన బస్సు మళ్లీ వరుసలోకి రాలేదు కనుక డ్రైవర్లు బయటే ఆపుతారు. దానికి బదులు ఫుట్‌పాత్‌నే బస్సు తలుపు దాకా పెంచి, సైకిలు దారిని షెల్టరు వెనుక నుంచి తిప్పండి. పెందుర్తి బీఆర్‌టీఎస్ (బస్సులకే కేటాయించిన వరుసలున్న రోడ్డు) లాగా బస్సు వరుసలు రోడ్డు మధ్యన ఉన్నచోట ప్రతి ప్రయాణికుడూ సగం రోడ్డు దాటి తీరాలి. అక్కడ జీబ్రా గీతలూ సిగ్నలూ బస్టాపుతో పాటే కట్టాలి.

దాటడానికి సమయం లెక్కగట్టడం తేలిక. సెకనుకు 1.2 మీటర్ల నడకకు 14 మీటర్ల రోడ్డు దాదాపు 12 సెకన్లు పడుతుంది, కానీ 0.8 మీటర్ల వేగంతో నడిచే పెద్దావిడకు 17.5 సెకన్లు కావాలి. సిగ్నల్ ఆమెకు సరిపోయేలా పెట్టండి. గాజువాక, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా పోయే జాతీయ రహదారి వంటిచోట డివైడరు మధ్యలో మనిషి నిలబడేందుకు కనీసం 2 మీటర్ల చోటు వదలండి. కూరగాయల సంచులతో రోడ్డు దాటే కాలివంతెన మెట్లు ఎక్కమంటే చాలామంది ఎక్కరు, డివైడరు దూకుతారు. సిగ్నల్ లేని లోపలి వీధుల్లో దాటే చోటును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపండి. కూడలి మూలల గుండ్రాన్ని తగ్గించి మలుపును బిగుతు చేస్తే ఎడమకు తిరిగే బండి నెమ్మదిస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనానికి 30తో వచ్చేదానికంటే దాదాపు 2.8 రెట్లు ఎక్కువ శక్తి ఉంటుంది.

నీటిని మరిచిపోకండి. కొండల మీది వాన గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి, పరుగెత్తే ఊరు మనది. పాత తారు గీకకుండా పొర మీద పొర వేస్తూ పోతే కర్బు మునిగి, వాననీరు నడకదారి మీదికే వస్తుంది. అందుకే ప్రతి రీ-కార్పెటింగ్ ముందు పాత పొర తీయాలని టెండరు షరతుల్లో పెట్టండి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తర్వాత చెట్ల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం: పెళుసు కొమ్మల తురాయి కంటే వేప, కానుగ మంచివి, వాటి చుట్టూ కాంక్రీటు పోయకుండా మట్టి వదలాలి.

కట్టేముందు కోన్లూ సున్నపు గీతలతో కొన్ని వారాలు నమూనా నడపండి. ఆటో డ్రైవర్లు, దుకాణదారులు, చక్రాల కుర్చీ వాడేవారు అభ్యంతరం చెప్పినచోటల్లా గీతలు జరిపి మళ్లీ చూడండి. అది కుదిరాకే కేబుళ్లకూ పైపులకూ ఫుట్‌పాత్ కింద డక్టులు (వాటిని దూర్చే గొట్టాలు) వేయించి, ఆ తర్వాత తవ్వేవారెవరైనా పాత మట్టానికే పూడ్చాలన్న షరతును ఒప్పందంలో రాయించండి.