మూడేళ్లు పడున్న ఆల్టో రోడ్డెక్కాలంటే ముందు ఇంజిన్ విప్పకండి

మా మావయ్యది 2012 ఆల్టో, ఆయన పోయాక ఆమదాలవలస దగ్గర ఊళ్లో పశువుల శాల పక్కన మూడేళ్లు అలాగే ఉండిపోయింది. వాడుకుందామని ఒక మెకానిక్‌ని తీసుకెళ్తే బ్యాటరీ కట్టి సెల్ఫ్ కొట్టాడు, తెల్ల పొగ వచ్చింది, కాసేపటికి టెంపరేచర్ ముల్లు పైకెళ్లిపోయింది, అంతే, "ఇంజిను పోనాది బాబూ, ఇప్పీసి బోరు కొట్టించీయాలి, ఓ ముప్పైఐదు వేలవుద్ది, థర్మోస్టాట్ కూడా పీకీద్దుం, మన ఎండలకి అదెందుకు" అన్నాడు. మరి బ్రేకులో అంటే "పడతన్నాయి కదేటి" అన్నాడు. చివరికి తేలిందేంటంటే ఇంజిన్ బానే ఉంది, బ్రేకులే పోయాయి.

అసలు రాగానే సెల్ఫ్ కొట్టడమే మేం చేసిన మొదటి తప్పు. అన్నాళ్లు ఆగిన ఇంజిన్‌లో సిలిండర్లు ఎండిపోయి ఉంటాయి. మూడు ప్లగ్గులూ విప్పి ఒక్కో కంతలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి, పొద్దున్న క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి చేత్తో తిప్పండి, ఎక్కడా పట్టేయకుండా తిరిగితే సగం భయం పోయినట్టే. పాత ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి. ట్యాంకులో పాత పెట్రోలు కూడా తీసేయించండి, ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమని పీల్చుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తప్పకుండా తెరిచి చూడండి, మాదాంట్లో ఎలకలు గడ్డి తెచ్చుకుని కాపురమే పెట్టేశాయి.

ఇక బోరు సంగతి, అంటే అరిగిన సిలిండర్లని లోపల మళ్లీ చెక్కించడం. ఇంజిన్ పోయిందో లేదో పొగ చూసి చెప్పేది కాదు, కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచేది) పెట్టి చూడమనండి, అది లేదంటే వేరే షెడ్డు చూసుకోండి. మనం ముందు పోసిన ఆయిల్ కాలిపోయేదాకా ఇంజిన్‌ని కాసేపు నడిపాక, మూడు ప్లగ్గులూ తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. మూడు సిలిండర్లూ దగ్గర దగ్గరగా చూపిస్తే బోరు అక్కర్లేదు, మాకు మూడూ 160 psi పైనే వచ్చాయి. ఒకటి బాగా తక్కువొస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి, పెరిగితే పిస్టన్ రింగులో బోరో అరిగినట్టు, పెరక్కపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో. తెల్ల పొగంటారా, సైలెన్సర్లో చేరిన తేమ వల్ల కూడా వస్తుంది, వేడెక్కాక ఆగిపోతే దాని గురించి మర్చిపోండి. ఆగకుండా వస్తూ, కూలెంట్ తగ్గుతూ, ఆయిల్ మూత లోపల మీగడలా కడితే మాత్రం హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి. నీలం పొగొస్తే ఆయిల్ కాలుతున్నట్టు.

వేడెక్కడానికి మాకు దొరికిన కారణం రేడియేటర్ ఫ్యాన్‌కి వెళ్లే వైరు, ఎలకలే కొరికేశాయి. ఫ్యాన్ తిరక్కపోతే ముందు ఫ్యూజు, రిలే చూసి, తర్వాత మోటర్‌కి బ్యాటరీ నుంచి నేరుగా వైరిచ్చి చూడండి. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) పీకేయకండి, అది లేకపోతే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపిస్తూ ఉంటుంది, మైలేజీ పోతుంది. అనుమానముంటే విప్పి నీళ్ల తపేలాలో వేసి మరిగించండి, మరిగేలోపే తెరుచుకోవాలి (వంటకి వాడే తపేలా తీసుకెళ్లి నేను తిన్న తిట్లు మీరు తినొద్దు). రేడియేటర్లో బోరు నీళ్లు కాకుండా కూలెంట్ పోయండి.

డబ్బులు పెట్టాల్సింది ఇక్కడ. వెనక డ్రమ్ములు విప్పిస్తే ఒకవైపు వీల్ సిలిండర్ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది, అంటే అతను చెప్పిన "పడతన్నాయి" మూడు చక్రాలకే. బ్రేక్ ఆయిల్ గోధుమ రంగులో ఉంటే మొత్తం మార్చి గాలి తీయించండి, అది కూడా తేమ పీల్చుకునేదే, గట్టిగా బ్రేకేసినప్పుడు లోపల మరిగితే పెడల్ నేలకి దిగిపోతుంది. టైర్లకి అరుగుదల ఒక్కటే చూడకూడదు, పక్కన నాలుగంకెలుంటాయి, 2314 అంటే 2014లో 23వ వారంలో తయారైందని. మావి పైకి కొత్తవాటిలా ఉన్నాయి గానీ పక్కలు పగుళ్లే, నాలుగూ తీసేశాను. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోండి. కళింగపట్నం, భావనపాడు వైపు బండైతే ఉప్పుగాలికి కింద తుప్పు తినేస్తుంది, సస్పెన్షన్ బిగించిన చోట్ల స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరకండి.

ఇన్సూరెన్సూ పొల్యూషనూ లేకుండా రోడ్డెక్కొద్దు. ఆర్సీకి 15 ఏళ్లు, మాది 2027లో అయిపోతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్, లేటైతే నెలకి 500 పడుతుంది, కాబట్టి బండి మీద ఖర్చుపెట్టే ముందు ఆ లెక్క కూడా చూసుకోండి.

మొదటి రోజే హైవే ఎక్కేయకుండా అరసవల్లి దాకా వెళ్లి రండి, తర్వాత శ్రీకూర్మం, తర్వాత కళింగపట్నం. దారిలో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే తిట్టుకోకండి, ఫ్యాన్‌కి అంతకంటే మంచి పరీక్ష లేదు. వచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ఒకటే కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టు. మర్నాడు పొద్దున్న ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ ఎంతుందో, కింద నేల మీద ఏమైనా కారిందో చూసుకోండి.