అమెరికా వెళ్లే గుంటూరు పిల్లలకు: ముందు ఆ బేసిన్ సంగతి చూడండి

మొన్న ఆదివారం బ్రాడీపేటలో మా పిన్ని వాళ్ల డాబా మీద బార్బెక్యూ పెట్టారు. వాళ్లబ్బాయి ఆగస్టులో టెక్సస్ వెళ్తున్నాడు, ఎమ్మెస్‌కి. వాడూ, వాడి స్నేహితులు నలుగురూ. అందరూ వారం పది రోజుల తేడాతో విమానం ఎక్కేవాళ్లే. అక్కడ ఎలాగూ చేయాలి కదా, ఇది ప్రాక్టీసు అన్నారు. స్టీలు బేసిన్ నిండా కారం, పెరుగు పట్టించిన లెగ్ పీసులు. మావాడు వాటిని గ్రిల్ మీద పరిచి పావుగంట అటూ ఇటూ తిప్పాడు. కాలినవాటిని అదే పటకారుతో తీసి మళ్లీ అదే బేసిన్‌లో వేశాడు. అడుగున మిగిలిన పచ్చి మసాలా గరిటెతో పైన పోశాడు. "జ్యూసీగా ఉంటుంది అన్నయ్యా" అంటూ ప్లేటు నా చేతికిచ్చాడు.

నేను తినలేదు. వాడు మొహం మాడ్చుకున్నాడు. ఆ రాత్రే ఇది రాయడం మొదలుపెట్టాను.

బ్యాంకు అకౌంటు, సిమ్ కార్డు, చలి కోట్ల గురించి చెప్పేవాళ్లు మీకు వందమంది దొరుకుతారు. నా గోల వేరే.

నేను వెళ్లిన కొత్తల్లో, సెప్టెంబరు మొదటి సోమవారం, లేబర్ డే సెలవు. సీనియర్లు కొత్తవాళ్లందరినీ స్టేట్ పార్కుకు తీసుకెళ్లారు. గుంటూరువాడివి, మసాలా నువ్వే పట్టించు అని చికెన్ పని నాకు అప్పగించారు. ఎంత పొంగిపోయానో చెప్పలేను. గడ్డకట్టిన చికెన్ రాత్రంతా వంటింటి గట్టు మీద పెట్టి కరిగించాను. పొద్దున మసాలా పట్టించి, రేకు ట్రేలో పోసి కారు డిక్కీలో పెట్టాను. పార్కు చేరి, బొగ్గులు రాజేసి, నిప్పులు పడేసరికి మధ్యాహ్నం రెండు. కాల్చిన ముక్కలు మళ్లీ ఆ ట్రేలోకే. అవును, మా పిన్ని కొడుకు చేసిన పనే నేనూ చేశాను. అందుకే అంత చిరాకు పడ్డాను.

ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. బుధవారం రాత్రి మొదలైంది. నలుగురున్న ఇంట్లో బాత్రూం ఒక్కటి, పడ్డవాళ్లం ముగ్గురం. మంగళవారం తిన్న బర్రిటోను నోరారా తిట్టుకున్నాం. చికెన్ మీద ఎవరికీ అనుమానమే రాలేదు. డాక్టరు పరీక్ష చేయించి కాంపిలోబాక్టర్ అంది. ఆ క్రిమి సాధారణంగా రెండు నుంచి ఐదు రోజులు ఆగి గాని బయటపడదు. నా మొదటి పరీక్ష పోయింది, ఆసుపత్రి బిల్లు సంక్రాంతి దాకా వాయిదాల్లో కట్టాను. ఇంట్లో మాత్రం జలుబు చేసిందని చెప్పాను.

ఇక్కడ ఇన్నేళ్లు తిన్నాం, ఏమైంది అంటారు. ఇక్కడ కోడిని పొద్దున కళ్లముందు కోయించి తెచ్చి, మధ్యాహ్నానికి కూర చేసేస్తాం. ముక్క ఎముక నుంచి ఊడేదాకా ఉడుకుతుంది. ఆ మరుగులో ఇలాంటి క్రిములు మిగలవు. గ్రిల్ మీద అలా కాదు. పైన మాడిపోతుంది, లోపల ఎముక దగ్గర పచ్చిగానే ఉంటుంది. పైగా అక్కడి ప్యాకెట్ చికెన్ ఎప్పుడో కోసింది, చల్లదనం మీద నిలబడింది. ఆ చల్లదనం తప్పించామా, అయిపోయినట్టే.

ఇప్పుడు బేసిన్ సంగతి. పచ్చి చికెన్ కారిన రసం ఆ బేసిన్‌లో, గరిటె మీద, పటకారు కొసన, మీ వేళ్ల సందుల్లో ఉంటుంది. చక్కగా కాలిన ముక్కను దాంట్లో వేస్తే ఇంతసేపూ కాల్చింది దండగ. కారంలో క్రిములు చస్తాయని మా నాయనమ్మ అనేది. మిర్చి యార్డు ఊళ్లో పుట్టినవాళ్లకు అలాగే అనిపిస్తుంది మరి. చావవు. పెరుగుకీ, నిమ్మరసానికీ కూడా చావవు. కాబట్టి పళ్లేలు రెండు, పటకార్లు రెండు. ముక్కలు గ్రిల్ ఎక్కగానే పచ్చి బేసిన్‌ను మూటకట్టి కారులో పడేయండి. కళ్లముందు ఉంటే ఎవడో ఒకడు అలవాటు కొద్దీ దాంట్లో చెయ్యి పెడతాడు. పైన పూయడానికి మసాలా కావాలంటే చికెన్ కలపకముందే వేరే డబ్బాలోకి తీసిపెట్టుకోండి. మిగిలింది పారబోయడానికి మనసు రాకపోతే బాగా మరగబెట్టి వాడండి. చాలా పార్కుల్లో కొళాయి దూరంగా ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు కూడా. ఒక క్యాన్ నీళ్లు, సబ్బు వెంట తీసుకెళ్లండి. జిడ్డు చేతుల మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. పక్కన శాకాహారం తినే స్నేహితుడు ఉంటాడు, వాడి మొక్కజొన్న పొత్తులు, పనీరు ముందు కాల్చి ఇచ్చేయండి. చికెన్ తిప్పిన పటకారుతో వాడి పనీరు తిప్పితే వాడు మొహమాటంతో ఏమీ అనడు. ఆకలితో ఇంటికెళతాడు.

కాలిందో లేదో రంగు చూసి చెప్పగలనంటారు. గుంటూరు కారం, పసుపు పట్టించిన ముక్క పచ్చిగా ఉన్నా కాలినట్టే ఎర్రగా మెరుస్తుంది. పదీ ఇరవై డాలర్లు పెడితే పుల్లలాంటి థర్మామీటర్ వస్తుంది, కొనండి. ముక్క మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చాలి. చికెన్‌కు 165 ఫారెన్‌హీట్ చూపించాలి, అంటే మన సెల్సియస్ లెక్కలో 74. మటన్ చాప్స్‌కు, చేపకు 145 చాలు. చాప్స్‌ను దించాక మూడు నిమిషాలు ఆగండి. మటన్ ఖైమాతో చేసే బర్గర్ బిళ్లలకు మాత్రం 160, చికెన్ ఖైమా అయితే మళ్లీ 165. ఖైమా కొట్టేటప్పుడు పైనున్న క్రిములు లోపలికంతా కలిసిపోతాయి కదా, అందుకని. అందరి ముందూ థర్మామీటర్ గుచ్చడానికి సిగ్గుపడకండి, అక్కడివాళ్లకు అది మామూలే.

చల్లదనం గురించి రెండు ముక్కలు. చికెన్‌ను కరిగించడమైనా, మసాలాలో ఊరబెట్టడమైనా ఫ్రిజ్‌లోనే. పార్కుకు ఐస్ నింపిన కూలర్‌లో తీసుకెళ్లాలి, పచ్చివి అడుగున. కూల్‌డ్రింకులకు వేరే కూలర్ పెట్టండి, దాని మూత రెండు నిమిషాలకోసారి తీస్తూనే ఉంటారు. వండినదైనా బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండ 32 సెల్సియస్ దాటితే ఒక్క గంటే. బెజవాడలో 32 అంటే చల్లటి రోజు అనుకుంటాం మనం. అక్కడ ఆ లెక్క మీదే బిర్యానీ పళ్లేలు ఎత్తేస్తారు. అన్నం కూడా ఇందులోకే వస్తుంది. బయట ఉండిపోయిన అన్నంలో తయారయ్యే విషం ఒకటుంది, మళ్లీ వేడిచేసినా పోదు.

చికెన్‌ను సింకులో కడగొద్దని అక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. తుంపరలు పక్కనున్న కొత్తిమీర మీదా, గిన్నెల మీదా పడతాయి. ఈ మాట మా పిన్నితో అంటే గుమ్మం దిగమంది. సరే, కడగకుండా ఉండలేకపోతే కడగండి. సింకు ఖాళీ చేసి కడగండి, ఆ తర్వాత సింకునూ గట్టునూ సబ్బుతో తోమి, క్రిములు చచ్చే మందుతో తుడవండి.

నిప్పు సంగతి మీకు తెలిసే ఉంటుందని వదిలేద్దామనుకున్నాను గానీ, ఒక్కటి చెప్పాలి. వాన పడిందని బొగ్గుల గ్రిల్‌ను గ్యారేజీలోకి లాగొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి నిద్రలోకి జారినట్టే పోతాడు. బాల్కనీలో పెట్టేముందు అద్దె ఒప్పందం చదవండి, చాలాచోట్ల ఒప్పుకోరు.

ఇంతా చదివి బార్బెక్యూలే మానేస్తారేమో, అది నా ఉద్దేశం కాదు. నాకక్కడ దొరికిన స్నేహితుల్లో సగం మంది ఆ పొగలోనే దొరికారు. ఒకవేళ కడుపు చెడినా చాలామందికి వారంలోపు మందులు లేకుండానే తగ్గిపోతుంది. నీళ్లు, ఓఆర్ఎస్ తాగుతూ పడుకోవడమే. విరోచనంలో రక్తం పడినా, జ్వరం 102 దాటినా, తాగిన నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూడు రోజులకూ విరోచనాలు కట్టకపోయినా మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లండి, బిల్లుకు భయపడి ఆగొద్దు. ఓఆర్ఎస్ పొట్లాలు ఇక్కడే మెడికల్ షాపులో కొనుక్కోండి. మావాడి సూట్‌కేసులో గోంగూర పచ్చడి డబ్బాల పక్కన నేనే పది పెట్టాను. బరువు ఎక్కువైందని వాడు వాటినే తీసేయబోతే, పిన్ని ఒక పచ్చడి డబ్బా తీసి వాటిని మళ్లీ లోపల పెట్టింది.