జర్మన్‌లో ‘త్సెర్‌క్రత్సెన్’ వాడే పద్ధతి

‘క్రత్సెన్’ అంటే గీరడం, గోకడం. దాని ముందు ‘త్సెర్’ చేరితే ఆ గీరుడు వల్ల వస్తువు పాడైందని అర్థం: పైభాగమంతా గీతలు పడి ఉంటుంది. ఒక్క గీతే పడితే ఈ క్రియ ఎక్కువైపోతుంది. అప్పుడు ‘మైన్ ఔటో హట్ ఐనెన్ క్రత్సెర్’ (నా కారుకి ఒక గీత పడింది) చాలు.

పలికేటప్పుడు ఒత్తు ‘క్రత్స్’ మీదే పడాలి. ‘త్సెర్’ ఎప్పుడూ క్రియ నుంచి విడిపోదు, కాబట్టి భూతకాల రూపంలో మామూలుగా ముందు చేరే ‘గె’ దీనికి రాదు: ‘హట్ త్సెర్‌క్రత్స్ట్’. ‘గెత్సెర్‌క్రత్స్ట్’ అనే మాటే లేదు. ‘త్సూ’ (ఇంగ్లీషు ‘to’ లాంటి మాట) కూడా మధ్యలో దూరదు, ముందు విడిగా నిలుస్తుంది: ‘ఓనె డెన్ టిష్ త్సూ త్సెర్‌క్రత్సెన్’, అంటే బల్లకి గీతలు పడకుండా.

తెలుగువాళ్ళు ఎక్కువగా తడబడేది వాక్యం కట్టడంలో. మనం ‘ఫోన్‌కి గీతలు పడ్డాయి’ అంటాం, ఎవరు చేశారో చెప్పం. ఈ జర్మన్ క్రియ సకర్మకం, దానికి కర్త కావాలి, కర్మా కావాలి. ‘మైన్ హెండి హట్ త్సెర్‌క్రత్స్ట్’ అంటే ఫోనే దేన్నో గీరినట్టు వినిపిస్తుంది. ‘హట్’ తీసి ‘ఇస్ట్’ పెట్టండి: ‘మైన్ హెండి ఇస్ట్ త్సెర్‌క్రత్స్ట్’. ఇది ఇప్పుడున్న స్థితి. ఎవరో గీశారన్న సంఘటన చెప్పాలంటే ‘వుర్డె త్సెర్‌క్రత్స్ట్’. నామవాచకం ముందు విశేషణంగా వస్తే చివర మారుతుంది: ‘ఐనె త్సెర్‌క్రత్స్టె బ్రిల్లె’ (గీతలు పడ్డ కళ్ళజోడు), ‘ఐన్ త్సెర్‌క్రత్స్టెస్ డిస్‌ప్లే’.

శరీరం విషయానికొస్తే, పిల్లి నా చెయ్యి రక్కేసింది అనడానికి ‘డీ కత్సె హట్ మియర్ డీ హంట్ త్సెర్‌క్రత్స్ట్’ అనండి. మనిషి చతుర్థిలో (మియర్), అవయవం ద్వితీయలో (డీ హంట్). ‘మైనె హంట్’ అన్నా అర్థమవుతుంది గానీ సహజంగా ఉండదు.

‘ఫెర్‌క్రత్సెన్’ దాదాపు ఇదే, ఎక్కువగా వస్తువులకే వాడతారు. ‘అన్‌క్రత్సెన్’ పైపైన గీరడం. పరువుకి మచ్చ పడినా ‘అన్‌గెక్రత్స్ట్’ అంటారు. దోమకాటుని గోకి పుండు చేసుకుంటే ‘ఔఫ్‌క్రత్సెన్’. సీసా మీది లేబుల్ గీకి తీసేయడం ‘అప్‌క్రత్సెన్’. ఈ ‘అప్‌’, ‘ఔఫ్‌’, ‘అన్‌’ మూడూ విడిపోతాయి, వాటికి ‘గె’ వస్తుంది. మనిషి గురించి మాత్రం ‘అప్‌క్రత్సెన్’ అనకండి. అది ‘చచ్చాడు’ అన్నంత మోటు మాట.